గవరమ్మ కత్తి ఆగితే

అనగా అనగా, మన తాతల తాతలు తప్పటడుగులు వేసే రోజుల్లో, కొండకీ ఏటికీ నడుమ వెదుళ్ళవలస అని ఒక ఊరు. ఆ ఊళ్ళో రాజుగారు పెట్టించిన బడి. రుసుము లేదు, కులం పట్టింపు లేదు. ఎవరి పిల్లలైనా రావచ్చు.

బడి పక్కనే మేదరి గవరమ్మ గుడిసె. వెదురు చీల్చి, బుట్టలల్లి బతికేది. అక్షరం ముక్క రాదు. ఆమె వంశంలో బడి గడప దాటిన మొదటి మనిషి మనవరాలు నూకాలు.

మొదటి పంతులు వచ్చాడు. కొట్టాడు. పిల్లలకు చదువు రాలేదు. రెండో పంతులు వచ్చాడు. తిట్టాడు. చదువు రాలేదు. మూడో పంతులు కామేశం. కొట్టలేదు, తిట్టలేదు. శాస్త్రాలన్నీ నోటికి వచ్చు. అయినా పిల్లలకు చదువు రాలేదు.

చదువు వచ్చినంత మాత్రాన చదువు చెప్పడం వచ్చేస్తుందా? రాజుగారు గోడలు కట్టించారు, కప్పు వేయించారు. పంతులుకు పని నేర్పాలని ఒక్కరికైనా తోచిందా? తోచలేదు. తప్పు మాత్రం పంతులుదే అన్నారు!

దివాణం నుంచి కబురు వచ్చింది. "మూడు పున్నములు చూస్తాం. అప్పటికీ పిల్లలు చదవలేకపోతే బడికి తాళం."

కామేశం మూట కట్టుకున్నాడు. గవరమ్మ వెళ్ళి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. తాళం పడితే నూకాలు బతుకూ బుట్టల్లోనే తెల్లారిపోతుందని ఆమె భయం.

"ఎక్కడికి బాబూ?"

"మా ఊరికి. మీ పిల్లలవి బుర్రలు కావు, బండరాళ్ళు."

"మా నూకాలు ఏడేళ్ళకే బుట్ట అల్లింది. తమరొకటి అల్లండి, చూద్దాం."

"ఇదో విద్యా!" అని నవ్వి కూర్చున్నాడు.

మొదటిసారి గవరమ్మ గబగబా చెప్పింది. బద్ద వేలిలో దిగింది. రెండోసారి గట్టిగా అరిచి చెప్పింది. అల్లిక విడిపోయింది. "బుర్రా, బండరాయా?" అంది. పిల్లలు కిసుక్కుమన్నారు. పంతులు ముఖం కందిపోయింది. మూడోసారి ఆమె నోరు మెదపలేదు. అతని వెనక కూర్చుని, అతని వేళ్ళ మీద తన వేళ్ళు వేసి నడిపించింది. తర్వాత మెల్లగా చేతులు తీసేసింది. అల్లిక సాగింది.

కామేశం అల్లిక పక్కన పెట్టాడు.

"నా పని నాకు ఇలా ఎవరూ నేర్పలేదు అవ్వా."

"ఈ పనికి మా అత్త పదేళ్ళు నా పక్కన కూర్చుంది. తమరి పక్కన ఎవరున్నారు నాయనా?"

పంతులు మూట విప్పాడు. "అయితే బడిలో నువ్వు కూర్చో" అన్నాడు.

మర్నాటి నుంచి గవరమ్మ బడిలో వెనక గోడకు ఆనుకుని వెదురు చీల్చేది. పాఠం అర్థమైతే ఆమె కత్తి నడిచేది. అర్థం కాకపోతే ఆగేది. కత్తి ఆగితే పంతులు ఆగేవాడు. మళ్ళీ చెప్పేవాడు, మరోలా చెప్పేవాడు.

మూడో పున్నమికి దివాణం అధికారి వచ్చాడు. తాళం తెచ్చాడు, తాఖీదు తెచ్చాడు. "ఏదీ, ఇది చదవండి" అని తాఖీదే పిల్లల ముందు పడేశాడు.

నూకాలు లేచింది. వేలు పెట్టి, కూడబలుక్కుని చదివింది. "పిల్లలకు... చదువు రానందున... ఈ బడి మూసివేయడమైనది."

అధికారి కాగితం లాక్కుని, తెచ్చిన తాళం తెచ్చినట్టే పట్టుకుని వెళ్ళిపోయాడు. గవరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆ తర్వాత ఈ సంగతి విని చుట్టుపక్కల పంతుళ్ళు వారానికోనాడు నడిచి వచ్చేవారు. ఒకరు పాఠం చెప్పేవారు, మిగతావారు గవరమ్మ పక్కన కూర్చుని వినేవారు.

ఏళ్ళు గడిచాయి. ఒక వానాకాలం, ఒక కుర్ర పంతులు పాఠం చెబుతుండగా కత్తి ఆగింది. అతను మళ్ళీ చెప్పాడు. కత్తి కదలలేదు. మరోలా చెప్పాడు. కదలలేదు. మూడోసారి చెబుతూ వెనక్కి నడిచి చూశాడు. గవరమ్మ గోడకు తల ఆన్చి ఉంది. ఊపిరి లేదు.

ఆమెను పంతుళ్ళే మోశారు. ఏ కులమని ఒక్కరూ అడగలేదు.

ఇప్పటికీ ఆ దిక్కున కొత్త పంతులు వస్తే ఒంటరిగా వదలరు. పాత పంతులొకరు ఏడాది పాటు వెనక కూర్చుంటారు. పాఠం అర్థం కాని పిల్ల సిగ్గుపడదు, భయపడదు.

"కత్తి ఆగింది పంతులుగారూ" అంటుంది.

పంతులు కోప్పడడు. మళ్ళీ మొదటి నుంచి చెబుతాడు.