ఏ పచ్చో అడగని గవరయ్య

అనగనగా అంటే మరీ అంత పాతకాలం కాదులెండి. తెడ్లు పోయి పడవలకి ఇంజన్లు వచ్చేసిన కాలం. గోదావరి పాయలో ఒక లంకకీ ఒడ్డుకీ నడుమ ఒక లాంచీ తిరుగుతూ ఉండేది. దాన్ని నడిపే సరంగు పేరు లోవరాజు.

ఆ లాంచీలో చుక్కాని పక్కన మూడు ప్లాస్టిక్ నాబులు ఉండేవి. ఒకటి తిప్పితే ఇంజను ఆగేది. ఒకటి తిప్పితే అడుగున చేరిన నీళ్ళు తోడే పంపు తిరిగేది. ఒకటి తిప్పితే ముందు దీపం వెలిగేది. ఒకప్పుడు మూడూ మూడు రంగులు. ఎండకి ఎండి, వానకి తడిసి, మూడూ సున్నం ముద్దల్లా ఒకేలా వెలిసిపోయాయి. అయినా లోవరాజుకి ఇబ్బంది లేదు, అవన్నీ ఆయన చేతికి అలవాటే. కానీ ఆయన కళ్ళకి పొరలు కమ్మాయి. ఆపరేషనుకి వెళ్ళి తిరిగొచ్చేదాకా లాంచీ నడపాల్సింది ఆయన కూతురు వీరవేణి.

అందుకని గవరయ్యని పిలిపించారు. గవరయ్య పడవలకి రంగులు వేసేవాడు. ఆ చుట్టుపక్కల ఏ పడవ మీద చూసినా పేరూ చేపబొమ్మా ఆయన చేతివే. "రంగంటే నన్నడగాలి" అని తనే చెప్పుకునేవాడు. వినేవాళ్ళు దొరక్కపోతే పిలిచి మరీ చెప్పేవాడు.

"మొదటిది ఎరుపు, ఇంజనుది. నడిమిది పచ్చ, పంపుది. నీ దగ్గర మిగిలిన రంగు దీపానికి. ఆ రెండూ పాత రంగులే వెయ్యి గవరయ్యా, అమ్మాయికి అలాగే నేర్పాను" అన్నాడు లోవరాజు.

గవరయ్య డబ్బాలు చూసుకున్నాడు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. పచ్చంటే ఏ పచ్చ? చామంతీ పచ్చే, చిలకా పచ్చే. అడుగుదామని నోరు తెరిచాడు. 'రంగుల గవరయ్యకి పచ్చంటే తెలీదట' అని నవ్వితేనో? తెరిచిన నోరు మూసేసుకున్నాడు. దీపానికి పసుపే కదా అందం అనుకుని, నాబులని ఉప్పుకాగితంతో రుద్ది, నడిమిదానికి ఆకుపచ్చ, చివరిదానికి పసుపు వేశాడు.

లోవరాజు వేళ్ళతో తడిమి చూశాడు. "నున్నగా వచ్చాయి. పచ్చ సరిగ్గా కుదిరిందా?"

"నా చెయ్యి పడ్డాక కుదరకపోవడమేంటి?" అన్నాడు గవరయ్య.

మర్నాడు తాడు విప్పుతూ వీరవేణి అడిగింది. "నీళ్ళొస్తే పచ్చది తిప్పమన్నారు నాన్న. అంతేగా బాబాయ్?"

"అంతే తల్లీ" అన్నాడు. ముచ్చటగా మూడోసారి కూడా అడగలేదు. పైగా జనం మెచ్చుకుంటుంటే వినాలని తనూ లాంచీ ఎక్కి, ముందు వైపు దీపం కింద కూర్చున్నాడు. అరటిగెలలతో ఒకాయన, కుండలతో కుమ్మరి దంపతులు, మేకతో ముసలి పాపాయమ్మ కూడా ఎక్కారు.

పాయ నడుమకి వచ్చేసరికి గాలి లేచింది. అలలు లాంచీని బాదాయి. అడుగు చెక్క వదులై నీళ్ళు ఊరసాగాయి. వీరవేణి వెంటనే పచ్చది తిప్పింది. వాళ్ళింట్లో పచ్చంటే పసుపే మరి. పంపు తిరగలేదు. ఇంజను రొదలో ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. గవరయ్య తల మీద మాత్రం పట్టపగలు దీపం వెలిగింది.

గవరయ్య తలెత్తి చూశాడు. తప్పెక్కడ జరిగిందో ఆ క్షణంలోనే తెలిసిపోయింది. చెబితే ఒక్క మాట. కానీ ఇంతమందిలో చెప్పడమా? 'ఒడ్డు ఎంతోదూరం లేదులే' అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

నీళ్ళు చీలమండలు దాటాయి.

"పంపు పాడైపోయిందండీ! బరువు తగ్గించండి!" అని కేకేసింది వీరవేణి.

ముందు అరటిగెలలు ఏట్లో పడ్డాయి. గవరయ్య మొహం పక్కకి తిప్పుకున్నాడు. తరువాత కుమ్మరి దంపతుల కుండలు పోయాయి. గవరయ్య తల దించుకున్నాడు. ఆ తరువాత అందరూ పాపాయమ్మ మేక వైపు చూశారు. అది చూడి మేక.

పాపాయమ్మ దాని మెడ వాటేసుకుంది. "నాకున్నది ఇదొక్కటే నాయనా. దీన్నుంచండి. నేను దిగిపోతాను" అంటూ ముసలికాలు లాంచీ అంచు మీద వేసింది.

గవరయ్య ఇక ఆగలేకపోయాడు. "ఆగమ్మా! పంపుకేం కాలేదు, తప్పు నాది! ఆకుపచ్చది తిప్పు వీరవేణీ, ఆకుపచ్చది!"

ఆమె తిప్పింది. నీళ్ళు ధారకట్టి బయటికి దూకాయి. లాంచీ ఒడ్డు చేరింది.

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అరటికాయలాయన ఉత్త చేతులతో దిగాడు. కుమ్మరి భార్య కుండల కింద పరిచిన తడిగడ్డిని ఊరికే సర్దుతూ ఉండిపోయింది. గవరయ్యకి తల కొట్టేసినట్టయింది.

పాపాయమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది. "నీకెప్పుడు తెలిసింది నాయనా?"

'ఇప్పుడే' అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. దాన్ని మింగేశాడు గవరయ్య.

"దీపం వెలగ్గానే తెలిసిందమ్మా. అరటిగెలలు పడెయ్యకముందే."

కుమ్మరి భార్య తలెత్తి చూసింది. పాపాయమ్మ మేకని తోలుకుని వెళ్ళిపోయింది.

గవరయ్య తిన్నగా ఆసుపత్రికి పోయాడు. కంటికి కట్టుతో పడుకున్న లోవరాజుకి జరిగినదంతా చెప్పి, మొదటిరోజు అడగాల్సింది అప్పుడు అడిగాడు. "ఏ పచ్చ?"

"పసుపు పచ్చ" అన్నాడు లోవరాజు.

గవరయ్య నాబులు గీకి మళ్ళీ రంగు వేశాడు. పోయిన గెలలకీ కుండలకీ బదులుగా ఆ రెండిళ్ళలోనూ ఒళ్ళొంచి పనిచేశాడు. ఇప్పటికీ లంకలో పిల్లలు ఆయన కనబడితే "ఏ పచ్చండీ?" అని ఏడిపిస్తారు. ఆయన కోప్పడడు. తల దించుకుని, "పసుపు పచ్చర్రా" అని జవాబు చెప్పి వెళ్ళిపోతాడు.

కాబట్టి పిల్లలూ, తెలియనిది అడిగేసినా, చేసిన తప్పు వెంటనే ఒప్పుకున్నా సిగ్గు మన ఒక్కరిదే. దాచిపెడితే నష్టం పదిమందిదీ.