ఆడచెయ్యి సోకని బండి

"ఆడదానికి మెకానిక్ షెడ్డేమిటి? రేపటికల్లా మూసెయ్యాలి" అని హుకుం జారీ చేసిన సర్పంచ్ గవర్రాజు కారు సరిగ్గా నూకరత్నం షెడ్డు ముందే ఆగిపోయింది! మూడింటికల్లా అతను నామినేషన్ వెయ్యాలి. అప్పటికే రెండు దాటింది.

"బండికి పెట్రోలు పంపు మొన్ననే కొత్తది వేయించానే!" అని తల పట్టుకున్నాడు.

నూకరత్నం పానా అందుకుంది.

"ఆగవే! నామినేషన్‌కెళ్ళే బండికి ఆడచెయ్యి సోకకూడదు."

"సోకదులెండి బాబూ. పంపుకి కరెంటిచ్చే పెట్టె బండి వెనక కిందుంది. దానిమీద మీరే తడిగుడ్డ వెయ్యండి."

వేశాడు. కాసేపాగి కీ తిప్పితే ఇంజను గర్రుమంది! మూగిన జనం ఈలలేశారు.

"చూశారా, నేనే బాగుచేశాను!" మీసం దువ్వాడు గవర్రాజు.

"బాగవలేదు బాబూ, జబ్బు తెలిసింది. పెట్టె వేడెక్కితే పంపుకి కరెంటు ఆపేస్తోంది. రెండు మైళ్ళలో మళ్ళీ ఆగుతారు. కొత్త పెట్టె నా దగ్గరుంది."

"బిగించవే తల్లీ!"

"ఆడచెయ్యి సోకకూడదుగా! షెడ్డు జోలికి రానని వీళ్ళందరి ముందూ చెప్పి, మీరే బిగించండి. ఎలాగో నేను చెబుతాను."

గవర్రాజుకి ఆ మాట చెప్పక తప్పలేదు. నూకరత్నం కుర్చీ వేసుకు కూర్చుంది. తెల్లపంచె ఎగ్గట్టి కారు కింద దూరిన సర్పంచ్ గొంతు వినిపించింది:

"ఈ బోల్టు ఎటు తిప్పమంటారమ్మా?"