రెండువందల పన్నెండుమంది రాజులు

కుంభవరమని ఒక రాజ్యం ఉండేదట. ఎక్కడుందని అడక్కండి, నాకూ తెలీదు. ఆ రాజ్యాన్ని విజయకేసరి మహారాజుగారు ఏలేవారు. మనిషి చెడ్డవాడేం కాదు. కాకపోతే ఆయనకి రెండు జబ్బులు. కంటికి నచ్చిందల్లా తెప్పించుకోవాలి. తెప్పించుకున్నదాన్ని నాలుగు రోజులు తిరక్కుండా వెనక్కి పంపాలి.

అందులోనూ ఉత్తరీయాలంటే మరీ పిచ్చి. నేతవీధి నుంచి కొత్త ఉత్తరీయం రాగానే భుజాన వేసుకునేవారు. దానితోనే కొలువు చేసి, ఊరేగి, విందారగించేవారు. మర్నాడు "నచ్చలేదు, తీసుకుపొండి" అనేవారు. ఒకదానికి అంచు లావట. ఒకదాని పసుపు మరీ పచ్చగా ఉందట. ఒకదాని మీద నేసిన నెమళ్ళు ఎడమవైపు చూస్తున్నాయట, రాజుగారికి కుడివైపు చూసే నెమళ్ళు కావాలట.

వెనక్కి పంపినదానికి ధర ఇచ్చే మాటే లేదు. "కొన్నానా ఏమన్నానా? వేసుకుని చూశానంతే" అనేవారు.

పోనీ, నేతగాళ్ళు దాన్ని ఇంకొకరికి అమ్ముకుందామా అంటే అందుకూ వీల్లేదు. రాజుగారి తాతగారు యుద్ధానికి వెళ్ళినప్పుడు ఆయన ఉత్తరీయాన్ని సింహాసనం మీద పరిచి మంత్రులు కొలువు నడిపేవారట. అప్పుడు పుట్టింది శాసనం, రాజు భుజమెక్కిన బట్ట రాజుతో సమానమని. దాన్ని మరొకరు కప్పుకోకూడదు, కత్తిరించకూడదు, రంగు మార్చకూడదు.

ఆ కొలువులో ఓబన్న అని ఒకాయన ఉండేవాడు. రాజుగారిని నవ్వించడం ఆయన పని. ఒకనాడు పంచెల చాపు కోసం నేతవీధికి వెళ్ళాడు. వెళ్ళేసరికి వీధిలో ఒక్క మగ్గం చప్పుడు లేదు. చౌడయ్య అనే నేతగాడు మగ్గం విప్పి కర్రలు బండికెత్తుతున్నాడు.

"ఎక్కడికి చౌడయ్యా ప్రయాణం?" అని అడిగాడు ఓబన్న.

"పక్క రాజ్యానికి అయ్యగారూ. అక్కడి రాజుగారు ఒక ఉత్తరీయం తీసుకుంటే చిరిగేదాకా కప్పుకుంటారట."

"నువ్వొక్కడివేనా?"

"వీధి వీధంతా. నూలు కొనే దారి లేదు. ఎన్నాళ్ళని ఉత్తి మగ్గం ముందు కూచుంటాం?"

చౌడయ్య భార్య శంకరమ్మ ఓబన్నని లోపలికి పిలిచి అటక చూపించింది. అక్కడ పట్టు ఉత్తరీయాలు వరసగా పేర్చి ఉన్నాయి.

"పంతొమ్మిది" అంది. "వీధి మొత్తానికి రెండువందల పన్నెండు. మొన్న చంటిదానికి చలిజ్వరం వచ్చింది. ఇంటినిండా పట్టు పెట్టుకుని గోనెపట్టా కప్పాను బాబూ."

పైనున్న ఉత్తరీయం మీద నెమళ్ళు ఎడమవైపు చూస్తున్నాయి. ఆ నెమళ్ళ సంగతి కొలువులో చెప్పుకున్నప్పుడు రాజుగారితోపాటు ఓబన్న కూడా పగలబడి నవ్వాడు. ఇప్పుడది గుర్తొచ్చి సిగ్గుతో తల దించుకున్నాడు.

"నాలుగు రోజులు ఓపిక పట్టండి" అన్నాడు.

"పట్టి, ఏం తినమంటారు?" అంది శంకరమ్మ.

ఓబన్న "పోనీ, రెండు రోజులు" అని బయటపడ్డాడు.

మర్నాడు కొలువులోకి భటులు ఒక తమలపాకుల వర్తకుణ్ణి ఈడ్చుకొచ్చారు. పాపం, ఎవరి దగ్గరో రాజుగారి ఉత్తరీయం చవగ్గా దొరికితే పెళ్ళికి కప్పుకెళ్ళాడట. రాజుగారు సింహాసనం మీద ఎగిరిపడ్డారు.

"అది గుడ్డ అనుకున్నావురా? అది నేను! నన్ను భుజాన వేసుకుని పెళ్ళిభోజనానికి వెళ్తావా?"

ఓబన్న లేచి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, చిన్న సందేహం. తమ భుజమెక్కిన బట్ట నిజంగా తమతో సమానమేనా?"

"సమానమే."

"అయితే తమకి జరిగే మర్యాదలన్నీ దానికీ జరగాలి కదా?"

"జరిగి తీరాలి. వీసమెత్తు తగ్గినా సహించను. తగ్గించినవాణ్ణి కొరడాతో కొట్టిస్తాను."

"ఈ మాట దండోరా వేయించమంటారా?"

"ఇవాళే వేయించు" అన్నారు రాజుగారు మీసం దువ్వుకుంటూ. తమలపాకుల వర్తకుడు పదిమందిలో లెంపలేసుకుని ప్రాణాలతో బయటపడ్డాడు.

ఆ సాయంత్రం దండోరా మోగింది. కొరడా అన్న మాట ఒకటి చాలు కదా, విననివాళ్ళు కూడా విన్నారు.

తెల్లవారింది. రాజుగారు పాన్పు మీదనే చప్పట్లు చరిచారు. ఎవరూ రాలేదు. మళ్ళీ చరిచారు. వేణ్ణీళ్ళు పెట్టేవాడు లేడు, వింజామర వీచేవాడు లేడు, మేలుకొలుపు పాడేవాళ్ళు అసలే లేరు. కాసేపటికి ఓబన్న ఒక్కడే నిదానంగా వచ్చి నమస్కారం పెట్టాడు.

"ఏమోయ్, ఎక్కడ చచ్చారందరూ?"

"తమ సేవలోనే ఉన్నారు ప్రభూ. నేతవీధిలో."

"నేనిక్కడ ఉంటే నేతవీధిలో నా సేవేమిటి?"

"తమరు ఇక్కడ ఒక్కరే ఉన్నారు. అక్కడ రెండువందల పన్నెండుమంది ఉన్నారు. ఎలా చూసినా అటే ఎక్కువ మర్యాద జరగాలి గదా."

రాజుగారికి ఒళ్ళు మండిపోయింది. బయల్దేరదామంటే కొత్త ఉత్తరీయం అందించే నౌకరు లేడు. నిన్నటిదాన్ని వెనక్కి తీసుకెళ్ళే భటుడూ లేడు. చేసేదిలేక నిన్నటిదే భుజాన వేసుకున్నారు. పుట్టి బుద్ధెరిగాక ఒక ఉత్తరీయాన్ని రెండోరోజు వేసుకోవడం ఆయనకదే మొదలు.

నేతవీధిలో ప్రతి అరుగు మీదా పీట వేసి, పీట మీద ఉత్తరీయాలు పరిచారు. కోటలో ఉన్న గొడుగులు పదకొండే. అవి చాలక మిగతావాటికి చేటలు పట్టుకుని నిలబడ్డారు భటులు. మేళగాళ్ళు ఇంటింటి ముందూ ఒక కీర్తన వాయించి పక్కింటికి పరిగెడుతున్నారు. మహామంత్రి చెప్పులు విడిచి, చౌడయ్య అరుగు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సేనాపతి ఒక నీలం ఉత్తరీయాన్ని "భోజనానికి వెళ్ళిరమ్మంటారా ప్రభూ" అని అడిగి, అది జవాబు చెప్పకపోయేసరికి తెల్లవారుజాము నుంచీ ఉన్నచోటే ఉన్నాడు.

"ఏమిటీ కోతిచేష్టలు?" అని అరిచారు రాజుగారు.

ఎవరూ కదల్లేదు. కదిలితే కొరడా. మహామంత్రి మాత్రం తల తిప్పకుండా, "క్షమించాలి ప్రభూ, ప్రభువులవారి ఎదుట ఉన్నాను" అన్నాడు.

రాజుగారు ఓబన్నవైపు తిరిగారు. "ఇది నీ పనే కదూ?"

"తమ ఆజ్ఞ ప్రభూ. నేను దండోరా వేయించానంతే" అన్నాడు ఓబన్న. "ఇప్పుడు తమరొక్క మాట సెలవివ్వాలి. ఇవి వట్టి బట్టలంటే వీళ్ళు అమ్ముకుని బతుకుతారు. కాదు, ఇవన్నీ తమరేనంటే మనవి చెయ్యక తప్పదు. ఇప్పటికి రెండువందల పన్నెండుసార్లు తమరు తమర్నే నచ్చలేదని వెనక్కి పంపుకున్నారు. అంచు లావైన తమరు ఆ మూల ఉన్నారు. ఎడమవైపు చూసే తమరు ఇదిగో, ఇక్కడ ఉన్నారు."

చౌడయ్య బండి కట్టుకుని మొన్ననే వెళ్ళిపోయినా బావుండేదనుకున్నాడు.

రాజుగారు అంచు లావుదాన్ని చూశారు. నెమళ్ళదాన్ని చూశారు. చేట కింద ఉన్న నీలందాన్నీ, దాని ముందు ఆకలితో నీరసించిన సేనాపతినీ చూశారు. ముందు మీసం కదిలింది. తరవాత బొజ్జ కదిలింది. ఆ తరవాత చౌడయ్య అరుగు మీద కూలబడి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

"గెలిచావోయ్ ఓబన్నా" అని, భుజాన ఉన్న ఉత్తరీయం తీసి ఆయనకి కప్పబోయారు.

ఓబన్న రెండడుగులు వెనక్కి వేశాడు. "వద్దు ప్రభూ. అది కప్పుకుంటే నేనూ రాజునైపోతాను. మహామంత్రిగారు మా ఇంటికొచ్చి నిలబడాలి. మా అరుగు చిన్నది."

"అయితే ఆ శాసనం ఈ క్షణం నుంచి రద్దు. బట్ట బట్టే, నేను నేనే. ఇప్పుడైనా తీసుకుంటావా?"

"తీసుకోకూడదు ప్రభూ. అది ఇంకా తమది కాలేదు."

రాజుగారి నవ్వు ఆగింది. చేతిలో ఉన్న ఉత్తరీయాన్ని చూసుకున్నారు. "ఎవరు నేశారిది?" అని అడిగారు. చౌడయ్య ముందుకొచ్చి దణ్ణం పెట్టాడు.

"దీని ధర ఎంత?"

ఆ వీధిలో రాజుగారి నోట ఆ మాట ఎవరూ ఎన్నడూ విననేలేదు. చౌడయ్య భార్యవైపు తిరిగాడు. శంకరమ్మ కొంగుతో కళ్ళొత్తుకుని తనే చెప్పింది, ఆ ఒక్కదానికీ, అటక మీంచి దించిన పంతొమ్మిదింటికీ కలిపి.

రాజుగారు మళ్ళీ పకపకా నవ్వి, బేరమాడకుండా ఇప్పించారు. అది చూసి పక్కింటివాళ్ళు, ఆ పక్కింటివాళ్ళు ఒక్కొక్కరే తమతమ పీటలెత్తుకుని వచ్చి వరసలో నిలబడ్డారు.