ఏడు చెవుల తాళం

కంకణపురాన్ని ఏలే కేశవభూపతికి ఒకసారి తాళం పిచ్చి పట్టుకుంది. చెల్లెలు శశిరేఖాదేవి కోసం ఆయన కోట బయట కొత్త భవనం కట్టించాడు. ఆవిడేమో, "అన్నయ్యా, వీధి తలుపుకి దొంగలు తియ్యలేని తాళం పడితేనే నేనందులో కాపురం పెడతాను" అని భీష్మించుకు కూర్చుంది.

కోట రక్షణాధికారి ఉద్దండరాజు మీసం దువ్వుకుంటూ ముందుకొచ్చాడు. నెల తిరక్కుండా గుమ్మడికాయంత తాళం చేయించి, ఏనుగు మీద ఊరేగించి మరీ ఆ తలుపుకి వేయించాడు. దానికి ఏడు తాళంచెవులు. ఏ చెవి తరవాత ఏది తిప్పాలో ఆయనొక్కడికే తెలుసు.

"ప్రభూ, ఈ తలుపు దాటే మొనగాడు ఇంకా పుట్టలేదు!" అన్నాడు నిండు సభలో.

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

నవ్వినవాడు కొండుభొట్లు. సభని నవ్వించడమే ఆయన ఉద్యోగం. అదైనా సరిగ్గా చేస్తున్నానా అని ఆయనకే అనుమానం.

"ఎందుకయ్యా నవ్వు?" ఉద్దండరాజు గర్జించాడు.

"నన్ను తలుచుకునే నవ్వొచ్చింది దొరా. ఏడు చెవులతో నేనేం వేగుతాను? నాకున్నవి రెండు. వాటిలో ఒకటి సరిగ్గా వినపడదు."

సభంతా గొల్లుమంది. ఉద్దండరాజు ముఖం కందగడ్డయింది.

"ప్రభూ, వెటకారం చేసినవాడు చేసి చూపించాలి. పొద్దుగూకేలోగా తాళం పగలగొట్టకుండా, తలుపు నరక్కుండా ఇతను లోపలికి వెళ్ళాలి. వెళ్ళలేకపోతే కొలువు మానేసి, బతికినంతకాలం ఆ వాకిట్లో కాపలా కాయాలి!"

రాజుకి వేడుక చూడాలనిపించింది. సరేనన్నాడు.

కాపలా అంటే మేలుకోవాలి, పైగా నిలబడాలి. రెండూ కొండుభొట్లకి చేతకాని పనులే.

అందరూ భవనం దగ్గరికి కదిలారు. కొండుభొట్లు తాళాన్ని రెండు చేతులా ఎత్తబోయాడు. అది కదల్లేదు, ఆయన నడుం మాత్రం కలుక్కుమంది. జనం నవ్వారు. 'నోరు అదుపులో పెట్టుకుని ఉంటే ఈపాటికి భోంచేసి పడుకునేవాణ్ణి' అనుకుంటూ, నడుం పట్టుకుని తలుపు రెండో అంచుకి జేరబడ్డాడు. వీపుకి ఏదో గుచ్చుకుంది. వెనక్కి తిరిగి చూశాడు.

"ప్రభూ, ఇంటికెళ్ళి ఇప్పుడే వస్తాను" అని పరుగెత్తాడు. వచ్చేటప్పుడు ఆయన చేతిలో ఒక మేకు, పచ్చడిబండ ఉన్నాయి.

"తాళంతో పచ్చడి నూరతావా?" ఉద్దండరాజు పకపకా నవ్వాడు.

కొండుభొట్లు తాళం వైపు పోనేలేదు. అది బయటికి తెరుచుకునే ఒంటిరెక్క తలుపు. దాన్ని ద్వారబంధానికి పట్టి ఉంచే ఇనప బందులు మూడూ బయటికే ఉన్నాయి. ఒక్కో బందు కింద మేకు ఆనించి, పచ్చడిబండతో టకటకా కొట్టాడు. వాటిలోని మూడు శీలలూ పైకి లేచి ఊడివచ్చాయి. అంచు పట్టి లాగితే తలుపు ఆ పక్కన బయటికి జరిగి సందు పడింది. ఆ సందులోంచి దూరబోతే బొజ్జ ఇరుక్కుంది. ఊపిరి బిగబట్టి ఒక్క తోపు తోసుకుని లోపల పడ్డాడు. లోపలినుంచే కేకేశాడు:

"దొరా, మీ తాళం భద్రంగా ఉందేమో చూసుకోండి!"

రాజు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఉద్దండరాజు నేల చూపులు చూశాడు.

"ఈ కిటుకు నీకెలా తెలిసిందయ్యా?" అడిగాడు రాజు.

కొండుభొట్లు బుర్ర గోక్కున్నాడు. "నిన్న తాళంచెవి ఇంట్లోనే వదిలేసి, బయట తాళం నొక్కేశాను ప్రభూ. మా ఆవిడ చూసే చూపుకి ఎక్కడ దాక్కోవాలో తెలియక తలుపంతా వెతికాను. బందులు కనపడ్డాయి, వాటి శీలలు కొట్టి ఊడదీశాను. అమ్మగారి తలుపుకి బందులు లోపలి వైపు పెట్టించండి. అప్పుడు మామూలు తాళమైనా చాలు."

శశిరేఖాదేవి నవ్వుతూ తలూపింది. రాజు తన మెడలోని ముత్యాలహారం తీసి ఆయన మెడలో వేశాడు.

"ఇంకేం కావాలో కోరుకో!"

"ఒక వడ్రంగిని ఇప్పించండి ప్రభూ. నాకు ఊడదీయడమే వచ్చింది, మళ్ళీ బిగించడం రాలేదు. మా ఇంటి తలుపు పడిపోకుండా మా ఆవిడ నిన్నటినించీ దానికి వీపు ఆనించి కూర్చునుంది!"