ఏడు రాళ్ల పొలిమేర వ్రతము

పసుపు కలిపిన అక్షతలు చేత పట్టుకొని, ఇంటివారందరు నిమ్మళముగా కూర్చుండి వినవలెను.

మునుపు హరితపాదుడను ముని దీర్ఘనేత్ర మహర్షిని చేరి, పట్టుమని పది ఇండ్లు లేని పల్లెలకు కోటలు లేవు, శాసనములు లేవు, తమ నేల ఎంతవరకో, తమ పెద్దలెవరో వారికి తెలియు దారి ఏది అని అడిగెను. మహర్షి సంతోషించి, అందుకొక వ్రతము కలదని ఈ కథ చెప్పెను.

నల్లగుట్ట క్రింద కుందేటిమిట్ట అను పల్లె ఉండెను. తొమ్మిదే ఇండ్లు. ఆ ఊరి పెద్దలు తరతరములుగా పొలిమేరలో ఏడు రాళ్లు పాతిరి. ఏటేట వైశాఖ శుద్ధ పంచమినాడు ఊరంతయు ఆ రాళ్ల వెంబడి నడిచి, ఒక్కొక్క రాతికి పసుపు రాసి, సద్దపిండి, బెల్లము పెట్టి, దానిని పాతినదెవరు, వారి తల్లిదండ్రులెవరు, అక్కడ వంక ఎటు పారును అని పైకి చెప్పుదురు. ఆడపిల్లను అత్తవారింటికి పంపునాడు ఏడు రాళ్లను ఆమెచేత చెప్పించి గాని బండి ఎక్కింపరు. వ్రతమనగా ఇంతే.

ఆ ఊరి పెద్ద పుల్లప్ప. అతని భార్య ఓబులమ్మ, మాట తప్పని ఇల్లాలు. పెద్దరికము చేతికి రాగానే పుల్లప్ప, "రాళ్ల సుట్టూ తిరిగితే సంగటి ఉడుకుతాదా?" అని వ్రతము మాన్పించెను. పండ్రెండేండ్లు గడిచెను. రాళ్లను ముళ్లు కప్పెను. మూడేండ్లు వాన లేక ఊరిబావి అడుగంటెను. పసుల డొక్కలు ఎండెను. తొమ్మిదిండ్లవారును మూటలు కట్టిరి.

ఓబులమ్మ మాత్రము కదలలేదు. "నా కాన్పులన్నీ ఈ మట్టిలోనే. పంచమి దాకా ఉండండయ్యా, ఏడు రాళ్లకూ నడుస్తామని మొక్కుకుంటి" అని వేడుకొనెను. వారు సరేననిరి.

పంచమినాడు నడిచిరి. ఆరు రాళ్లు దొరకెను. ఏడవది ఎక్కడో, ఎవరిదో, ఒక్క మగవానికిని తెలియలేదు. పుల్లప్ప సిగ్గుపడి, దారిలోని గుండునొకటి దొర్లించి, తన తండ్రి పేరు పెట్టి పసుపు రాయించెను. మూడునాళ్లకు బావిలోని కాసిన్ని నీళ్లును ఉప్పనయ్యెను. జనులు మరల మూటలెత్తిరి.

ఓబులమ్మ ఏడ్వలేదు. ఒక ఆమడ నడిచి, పుల్లప్ప అక్క లింగమ్మ మెట్టిన ఊరికి పోయెను. లింగమ్మ తిరుగలి ఆపలేదు.

"ఏమే ఓబులీ, పుట్టింటోళ్లకు నేనుండానని ఇప్పుడు తెలిసెనా? నా బిడ్డ పెండ్లికన్నా రాకపాయె నీ మొగుడు!"

"తిట్టు వదినా. తిట్టినాక ఏడో రాయి చెప్పు."

"మగోళ్లకు చెప్తే మర్చిపోయిరి, కోడలివి నీకు చెప్పకపోయిరి. మాకు బండెక్కేటప్పుడు చెప్పిరి. యాడ మర్చిపోతాం!"

అని లింగమ్మ పిండి దులుపుకొని లేచెను. కుందేటిమిట్టకు వచ్చి, ఆరు రాళ్లు దాటి, ముండ్లపొద ముందర నిలిచి, "ఇది సుంకులమ్మ రాయి. సుంకులమ్మ మా నాయన్ను కన్న జేజినాయన చెల్లెలు, రామక్క కూతురు. ఈడ నిలబడి నల్లగుట్ట కొన కేసి పది అడుగులేస్తే, ఆయమ్మ తవ్విన చెలమ" అని గడగడ చెప్పెను.

ముళ్లు నరికిరి. రాయి కనబడెను. అడుగులు కొలిచి తవ్విరి. నిలువులోతున ఇసుక తడిసెను. మరి రెండు మూరలకు తియ్యని నీరు ఊరెను. ఓబులమ్మ మొదటి దోసిలి వదినకిచ్చెను. పుల్లప్ప తాను పెట్టిన గుండును పెరికివేసి, అక్క కాళ్లకు మ్రొక్కి, "అక్కా, మనింటి ఆడబిడ్డల పేర్లన్నీ చెప్పు, నేర్చుకుంటా" అనెను.

"కూసో. ఒక పూటలో అయ్యేది కాదు" అనెను లింగమ్మ.

ఊరివారు మూటలు విప్పిరి. మరుసటి ఏడు ఆడబిడ్డలను ముందుగా పిలిపించి వ్రతము చేసిరి. వానలు కురిసెను, సద్దలు పండెను, పసులు ఈనెను, తొమ్మిది ఇండ్లు పందొమ్మిదియయ్యెను.

కావున మునీంద్రా, కొత్త ఇల్లు కట్టినవారు, ఊరు విడిచి బ్రతుకువారు, తాతను దాటి పేరు చెప్పలేనివారు ఈ వ్రతము చేయవలెను. చేసినవారికి గట్టు తగవులుండవు, నీరు తప్పదు, పుట్టింటి పిలుపు ఆగదు. విన్నవారు తమ మూడు తరముల పేర్లు, ఆడవారివి కూడ, పైకి చెప్పి ప్రసాదము తీసుకొనవలెను. తెలియనివారు పోయి అడిగి రావలెను. వారి వంతు ప్రసాదము మూతపెట్టి ఉంచవలెను.