ఆదెమ్మ దాచుకున్న మందు పేరు

అనగనగా వాగుకి ఈవలొక ఊరు, ఆవలొక ఊరు. ఈవలి ఊళ్ళో ఆదెమ్మ ఉండేది. పిల్లల కడుపులో ఏలికపాములు పడితే ఆవిడే మందు ఇచ్చేది. నవ్వకు బుజ్జీ, మట్టిలో ఆడి చెయ్యి కడుక్కోకుండా బువ్వ తింటే నీకూ వస్తాయి.

ఆదెమ్మ తలుపేసుకుని ఏవో గింజలు నూరేది. బెల్లంతో ఉండ చేసి మింగించేది. ఆ తర్వాత ఆముదం పట్టేది. తెల్లారేసరికి పాములన్నీ పడిపోయేవి. ఆ గింజలేమిటో మాత్రం ఎవరికీ చెప్పేది కాదు. మందు పేరు నోటితో చెబితే గుణం పోతుందని వాళ్ళత్త చేతిలో చెయ్యి వేయించుకుని మరీ పోయింది, మహాతల్లి.

ఒకసారి కోడలు సుందరి అడిగింది. ఆదెమ్మ కసిరి పంపేసింది.

ఆ తర్వాత ఒక ఏడు తొలకరికే వాగు పొంగింది. అప్పుడు అవతలి గట్టు మీద నిలబడి ఆవలి ఊరి చుక్కమ్మ కేకేసింది. "పిన్నీ, పిల్లోడు కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోతన్నాడు. నువ్వెలాగూ దాటలేవు. మందు పేరన్నా చెప్పు, నేనే నూరుకుంటాను."

పేరు ఆదెమ్మ నోటిదాకా వచ్చింది. చెబితే ఇక ఏ బిడ్డకీ ఆ మందు పనిచెయ్యదేమోనని భయపడింది. "వాగు తగ్గనీ అమ్మా, నేనే వస్తాను" అంది. మూడోనాటికి వాగు తగ్గింది. అప్పటికి పిల్లాడు లేడు.

ఆ తర్వాత రెండేళ్ళకి ఆదెమ్మ జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. అప్పుడే మనవరాలు మాణిక్యం కడుపుబ్బి, కళ్ళు తేలేసింది. ఆదెమ్మ ప్రాణం ఆగలేదు. కోడల్ని పిలిచి చెవిలో చెప్పింది. "మోదుగ గింజలే."

సుందరి నూరి మింగించింది. మర్నాటికి పిల్ల లేచి గంజి అడిగింది. గుణం ఎక్కడికీ పోలేదు. ఇంటిల్లిపాదీ సంతోషపడుతుంటే ఆదెమ్మ గోడవైపు తిరిగి కుమిలి కుమిలి ఏడ్చింది.

కాలు నిలవగానే కర్ర పట్టుకుని వాగు దాటింది. చుక్కమ్మ వాకిట్లో విస్తళ్ళు కుట్టుకుంటోంది. ఆదెమ్మ పక్కన కూర్చుని మందు పేరు చెప్పింది. చుక్కమ్మ చేతిలో ఉన్నవి మోదుగాకులే, బుజ్జీ. ఆ చెట్టు ఆమె దొడ్లోనే ఉంది, దానికింద గింజలు రాలి ఉన్నాయి.

చుక్కమ్మ చెట్టువైపు చూసింది. "ఇప్పుడు ఎవురికి పెట్టుకోను పిన్నీ?" అంది.



కథేమో కంచికి,
మనమేమో ఇంటికి,
నిద్దరేమో నీ కంటికి.