చాప దిగని సోహ్వా

ఊఁ కొడుతూ వినాలర్రా, నిద్రపోయారో చెప్పడం ఆపేస్తాను! అనగనగా ఏడు సముద్రాలకి ఇవతల కొరియా దేశం, ఆ దేశానికో రాజు, ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. ఆయన కొలువులో సోహ్వా అనే ఆటకత్తె ఉండేది. పచ్చటి పట్టుబట్టలు కట్టుకుని, నేలమీద పూలచాప పరుచుకుని, మెల్లిగా మబ్బు కదిలినట్టు ఆడేది. గెంతడాలు లేవు, గిరికీలు లేవు. పాట అయ్యేదాకా చాప దిగకూడదు. అదీ అక్కడి కొలువు ఆట పద్ధతి. చిన్న రాజకుమారుడు హ్యోన్ మద్దెల వాయించేవాడు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం.

ఒకనాడు సముద్రాల అవతలి మాంత్రికుడొచ్చి రాణిగారిని ఎత్తుకుపోయాడు. పెద్దవాడు వెతకడానికి వెళ్లాడు, రాలేదు. నడిపివాడు వెళ్లాడు, రాలేదు. హ్యోన్ వెళ్లాడు. అయ్యో, అతనూ రాలేదు!

సోహ్వా ఆగుతుందా? చాప చంకన పెట్టుకుని ఒడ్డుకి పరిగెత్తింది. అక్కడో ముసలి కొంగ.

"వాడి ముంగిట్లో కాలుపెడితే రాయైపోతావు తల్లీ. వాడి ప్రాణమేమో పంజరంలో చిలక!" అంది కొంగ.

"నన్ను తీసుకెళ్లు కొంగతాతా, నీకు పుణ్యముంటుంది."

కొంగ ఏడు సముద్రాలూ దాటించింది. ముంగిట్లో నాలుగు రాళ్లు, రాణిగారి ఆకారంలో ఒకటి, ముగ్గురు కొడుకుల ఆకారంలో మూడు. సోహ్వా పైనుంచే చాప పరిచి, దానిమీద దిగింది.

మాంత్రికుడు పడీపడీ నవ్వాడు. "ఆటకత్తెవి, ఆ చాపమీద ఎంతసేపుంటావే?"

"పాట అయ్యేదాకా. ఉంటే ఆ చిలకని ఇస్తావా?"

"ఇస్తాను, నా మంత్రం మీద ఒట్టు!" అన్నాడు. ఆటంటే గెంతడమే అనుకున్నాడు వెర్రినాగన్న! మంత్రం మీద ఒట్టేస్తే తప్పడానికి లేదు మరి.

కొంగ పాట ఎత్తుకుంది. ఆ గొంతు సంగతి అడక్కండి! సోహ్వా ఆడింది. వాడు సుడిగాలి వదిలాడు, ఆమె కదల్లేదు. ఎలకల్ని వదిలాడు, పాదం మెల్లిగా ఎత్తి వాటిని పోనిచ్చింది.

"అదిగో, నీ హ్యోన్ పగిలిపోతున్నాడు! వెళ్లి పట్టుకోవే!" అని అరిచాడు.

నిజంగానే రాయి టప్పుమని బీట వారింది. ఆ ఆటలో ఒక్కచోట నవ్వాలి, సరిగ్గా అప్పుడే ఆ చోటు వచ్చింది. సోహ్వా ఏడుపు మింగేసి నవ్వింది. పాట అయిపోయింది.

ఒట్టు తప్పలేక వాడు పంజరం ఇచ్చాడు. "ముందు మావాళ్లని మనుషుల్ని చెయ్యి" అంది. చేశాడు. సోహ్వా పంజరం తలుపు తీసేసింది. చిలక తుర్రుమంది. "బంగారుతల్లీ, రావే!" అంటూ వాడు దానివెంట పడ్డాడు, మళ్లీ ఎవరికీ కనపడలేదు.

హ్యోన్ భుజం తడుముకుంటూ, "నేను పగిలిపోతుంటే నవ్వావేం?" అన్నాడు.

సోహ్వా భోరున ఏడ్చేసింది. రాణిగారు ఆమెని ఒళ్లోకి లాక్కుని, "దాన్నేం అడుగుతావురా! ఆ నవ్వే లేకపోతే నువ్వు నాకు దక్కేవాడివా?" అంది.

కొంగ అందర్నీ ఒక్కొక్కరినే సముద్రాలు దాటించి ఇంటికి చేర్చింది. హ్యోన్‌కీ సోహ్వాకీ ఆకాశమంత పందిరేసి పెళ్లి చేశారు. "నిలబడి నిలబడి మా కాళ్లు లాగుతున్నాయి, రాజ్యం నువ్వే ఏలుకో తమ్ముడూ" అన్నారు అన్నలు. చల్లగా అరవైయేళ్లు ఏలాడు. కొలువులో సోహ్వా ఆడితే మద్దెల మాత్రం రాజుగారిదే. ఎంత గొప్ప వాయిద్యగాడైనా, ఆమె నవ్వే చోటు వచ్చేసరికి ఆయనకి కళ్లు నిండి తాళం తప్పేది. కొలువులో ఎవరూ ఏమీ అనేవారు కాదు.